చేయి తిరగాల్సింది ఎవరిది?

1982లో అమెరికా నుంచి ఒక ప్లాస్టిక్ సర్జన్, ఆయన భార్య కొందరు డాక్టర్లతో కలిసి ఫిలిప్పీన్స్‌లోని నాగా అనే ఊరికి వెళ్లారు. గ్రహణం మొర్రితో పుట్టిన పిల్లలకు ఉచితంగా ఆపరేషన్లు చేయాలని వాళ్ల ఉద్దేశం. ఉన్న కొద్ది రోజుల్లో సుమారు 40 మంది పిల్లలకు చేయగలిగారు. ఆశగా వచ్చి అలాగే వెనక్కి వెళ్లిపోయినవాళ్లు 250 మంది దాకా ఉన్నారు. మళ్లీ వస్తామని వాళ్లకు మాటిచ్చారు. బిల్, కాథీ మెగీ దంపతులు ఇచ్చిన ఆ మాటలోంచే ఆపరేషన్ స్మైల్ సంస్థ పుట్టింది.

ఈ కథ ఎవరు చెప్పినా నవ్వు తిరిగొచ్చిన ఆ 40 మంది పిల్లలతో మొదలుపెడతారు. నాకు మాత్రం ఆ 250 మంది దగ్గరే మనసు ఆగిపోతుంది. జట్టు విమానం ఎక్కిన మర్నాడు ఆ ఊళ్లో ఓ పసిబిడ్డ పెదవి కుట్టగలిగే మనిషి ఎవరైనా ఉన్నారా? లేకపోతే, మళ్లీ ఏడాది ఆ జట్టు వచ్చేసరికి వరుస ఇంకాస్త పొడుగవుతుంది, అంతే.

పేద దేశాల ఆసుపత్రులకు స్వచ్ఛందంగా వెళ్లే సర్జన్ల జట్లు ఇప్పుడు దాదాపు అన్నీ "మేం ఆపరేషన్లు చేయడమే కాదు, శిక్షణ కూడా ఇస్తున్నాం" అంటున్నాయి. ఆ మాటలో కొంత నిజం, కొంత మర్యాద కోసం అనేది. ఏది ఎంతో తేల్చుకోవాలంటే ముందు లెక్కలు, ఆ తర్వాత ఆపరేషన్ టేబుల్ చూడాలి.

ఈ రంగంలో అందరూ చెప్పుకునే లెక్కలు 2015లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ ఇచ్చినవి. సురక్షితమైన, భరించగలిగే ఖర్చులో దొరికే సర్జరీ అందనివాళ్లు ప్రపంచంలో 500 కోట్ల మంది. ఏటా జరిగే 31 కోట్ల పైచిలుకు ఆపరేషన్లలో అత్యంత పేద దేశాల వాటా 6 శాతం. ప్రపంచ జనాభాలో మూడో వంతుకు పైగా ఉండేది అక్కడే. లోటు పూడ్చాలంటే ఏడాదికి అదనంగా 14.3 కోట్ల ఆపరేషన్లు జరగాలి. ఒక జట్టు ఒక పర్యటనలో వంద ఆపరేషన్లు చేస్తుందనుకుందాం. ఆ లోటు మొత్తం బయటి జట్లతోనే పూడ్చాలంటే ఏటా 14 లక్షలకు పైగా పర్యటనలు కావాలి. ఇది అయ్యే పని కాదని వేరే చెప్పక్కర్లేదు.

పైగా ఆ లోటులో పెద్ద భాగం ముందుగా తేదీ చూసుకుని చేసేది కాదు. ఏ జిల్లా ఆసుపత్రికైనా మూడు ఆపరేషన్లు వచ్చితీరాలని ఆ కమిషన్ చెప్పింది: సిజేరియన్, పొట్ట కోసి చేసేవి, ఎముక విరిగి బయటికి పొడుచుకొచ్చినప్పుడు చేసేవి. ఈ మూడూ అర్ధరాత్రి వచ్చే కేసులు. అడ్డం తిరిగిన బిడ్డ విదేశీ జట్టు వచ్చేదాకా ఆగదు.

శిక్షణ అనే మాట ఇక్కడి నుంచి పుట్టింది. అయితే ఆ మాట కింద జరిగేవన్నీ ఒకటి కావు.

వారం రోజులు వచ్చి, పొద్దున ఆరింటి నుంచి రాత్రి దాకా ఆపరేషన్లు చేసి, స్థానిక డాక్టరును పక్కన నిలబెట్టుకుని, చివరి రోజు స్లైడ్లు చూపించి, సర్టిఫికెట్ చేతిలో పెట్టి ఫొటో దిగేది ఒక రకం. అదే ఆసుపత్రికి ఏడాదికి రెండు మూడుసార్లు, అదే జట్టు, పదేళ్లపాటు వస్తూ ఉండేది ఇంకో రకం. నెలలు, ఏడాది అక్కడే కాపురం పెట్టి నేర్పేది మరో రకం. దేశం తన కాలేజీనే నిలబెట్టుకుని బయటివాళ్లను పాఠం చెప్పడానికి, పరీక్ష పెట్టడానికి మాత్రం పిలుచుకునేది ఇంకొకటి. నాలుగింటికీ పేరు ఒకటే. చివరికి మిగిలేది మాత్రం వేరు.

తేడా కళ్లారా చూడాలంటే థియేటర్‌లో ఎవరు ఎక్కడ నిలబడ్డారో గమనించండి. కుడిచేతి వాటం సర్జన్ పొట్ట ఆపరేషన్‌కి మామూలుగా పేషెంటుకు కుడివైపు నిలబడతాడు. అసిస్టెంటు ఎదురుగా నిలబడి గాయం అంచులు లాగి పట్టుకుంటాడు, రక్తం తుడుస్తాడు, దారం కత్తిరిస్తాడు. వారమంతా స్థానిక డాక్టరు ఎదురువైపే ఉంటే ఆయన నేర్చుకుంది లాగి పట్టుకోవడమే. శిక్షణ మొదలయ్యేది ఇద్దరూ చోట్లు మారిన రోజున.

చోట్లు మారినా అక్కడితో అయిపోదు. సర్జరీ బోధనలో నాలుగు మెట్లున్న ఒక కొలమానం వాడతారు. మొదటి మెట్టులో గురువే చేస్తూ ఎందుకు చేస్తున్నాడో చెబుతాడు. రెండోదానిలో కత్తెర శిష్యుడి చేతికి వస్తుంది కానీ పొర ఎక్కడ విడిపోతుందో పట్టి చూపించేది గురువే. మూడోదానిలో శిష్యుడు చెప్పినట్టు గురువు అసిస్టెంటుగా నడుచుకుంటాడు. నాలుగోదానిలో గురువు చేతులు కట్టుకుని నిలబడతాడు, ప్రమాదమైతే తప్ప కదలడు.

రెండో మెట్టు నుంచి మూడో మెట్టుకు వెళ్లడమే కష్టం. కష్టం శిష్యుడికన్నా గురువుకే ఎక్కువ. హెర్నియా ఆపరేషన్ అనుకోండి. వీర్యనాళం, దాని పక్కనుండే రక్తనాళాలు జాగ్రత్తగా తప్పించి, పొట్టలోంచి జారిన సంచిని విడదీయాలి. చిన్న నాళం తెగి చిమ్ముతుంది. శిష్యుడు గాజుగుడ్డతో అదిమి పట్టి ఆలోచిస్తుంటాడు. గురువుకు మరుక్షణంలో ఆ నాళాన్ని పట్టి కట్టేసే నేర్పుంది, బయట ఇంకో ఆరుగురు పేషెంట్లున్నారు, గడియారం తిరుగుతోంది. చేతులు ఊరుకోవు. అక్కడ ఆయన చేయి పెట్టేస్తే ఆ ఆపరేషన్ పావుగంట ముందు ముగుస్తుంది, పాఠం మాత్రం అక్కడే ఆగిపోతుంది. సొంత ఆసుపత్రిలో పాతికేళ్లుగా నేర్పిస్తున్నవాళ్లకే ఈ నిగ్రహం అలవడదు. ఆరు రోజుల్లో ఎన్ని కేసులు చేశారో దాతలకు చెప్పుకోవాల్సిన జట్టుకు ఇంకా కష్టం. కేసుల సంఖ్య, శిక్షణ ఒకదాన్నొకటి తినేస్తాయి. నేర్పిస్తూ చేస్తే రోజుకు సగం కేసులే అవుతాయి. ఆ సగాన్ని ఓటమిగా చూడని సంస్థలే ఈ పని చేయగలవు.

పైకి చెప్పుకోని పోటీ ఇంకొకటుంది. వచ్చే జట్టులో సొంత దేశపు జూనియర్ డాక్టర్లు కూడా ఉంటారు. అక్కడ అరుదుగా కనిపించే పెద్ద కణితులు, ముదిరిపోయిన కేసులు ఇక్కడ వరసగా కనిపిస్తాయి. వాళ్లకూ చేయి తిరగాలి. టేబుల్ ఒకటే, కేసు ఒకటే. కత్తి ఎవరికిస్తారు? శిక్షణ ఇవ్వడానికి వచ్చామన్న జట్టు నిజాయితీ ఈ ఒక్క ప్రశ్న దగ్గర తేలిపోతుంది.

సర్జన్ చేయి తిరిగినంత మాత్రాన ఆపరేషన్ అవదు కూడా. మత్తు ఇచ్చేవాళ్లు కావాలి, పరికరాలు శుభ్రం చేసే ఆటోక్లేవ్ పనిచేయాలి, రక్తం దొరకాలి, రాత్రి డ్యూటీ నర్సు నాడి చూసి తేడా పసిగట్టాలి. వీటిలో అన్నిటికన్నా బలహీనమైన లింకు మత్తు. 2017లో ప్రపంచ మత్తు వైద్యుల సమాఖ్య లెక్క తీస్తే, లక్ష మందికి ఐదుగురు మత్తు డాక్టర్లు కూడా లేని దేశాలు 77 తేలాయి. వేలికి తగిలించి రక్తంలో ఆక్సిజన్ చూసే పల్స్ ఆక్సీమీటర్ చిన్న వస్తువే. 2010లో వేసిన అంచనా ప్రకారం అది లేని ఆపరేషన్ థియేటర్లు ప్రపంచంలో 77 వేలకు పైనే. ఆ లోటు తీర్చడానికే 2011లో లైఫ్‌బాక్స్ అనే సంస్థ పెట్టారు. వాళ్లు యంత్రం చేతిలో పెట్టి ఊరుకోలేదు, అంకె పడిపోతే ఏం చేయాలో నేర్పించారు. అలారం మోగితే ఏం చేయాలో తెలియని చోట యంత్రం ఉన్నా లేనట్టే.

నర్సుల సంగతీ అంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో 19 అంశాల ఆపరేషన్ చెక్‌లిస్ట్ తెచ్చింది. పేషెంటు పేరేంటి, ఏ వైపు కోయాలి, యాంటీబయాటిక్ పడిందా, లోపల గాజుగుడ్డలేవీ మిగల్లేదు కదా అనే మామూలు ప్రశ్నలు. ధనిక, పేద దేశాల్లోని ఎనిమిది ఆసుపత్రుల్లో వాడి చూస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో ప్రచురించారు. కాగితం ఫొటోకాపీ తీయడానికి ఖర్చేమీ లేదు. సర్జన్‌ను నర్సు "ఒక్క నిమిషం ఆగండి సార్" అనగలగాలి, అదీ అసలు కష్టం. విదేశీ సర్జన్ ఆ మాటకు ఆగి, ధన్యవాదాలు చెప్పి, గుడ్డలు మళ్లీ లెక్కపెట్టించడం స్థానిక సర్జన్ చూస్తే అదొక పాఠమే. ఏ సిలబస్‌లోనూ ఉండదు.

ఇక సామాన్ల గొడవ. 110 వోల్టుల దేశం నుంచి వచ్చిన మెషీన్‌ను 230 వోల్టుల ప్లగ్గులో పెడితే పొగ వస్తుంది. అది కాలిపోకపోయినా, ఒక్కసారి వాడి పారేసే గొట్టాలు అయిపోయాక మూలన పడుతుంది. పేద దేశాల ఆసుపత్రుల్లో వైద్య పరికరాల్లో ఇంచుమించు 40 శాతం పనిచేయడం లేదని 2011లో ఒక అధ్యయనం తేల్చింది. జట్టులో ఎప్పుడూ సీటు దొరకని మనిషి బయోమెడికల్ టెక్నీషియన్. నన్నడిగితే రెండో సర్జన్‌ను ఇంట్లో వదిలేసైనా ఆయన్ను తీసుకెళ్లాలి.

పరికరంతో పాటు నేర్పే పద్ధతి కూడా ఆ చోటుకు అతకాలి. పేగును స్టేప్లర్‌తో అతికించడం చకచకా నేర్పేయొచ్చు. ఒక్కో స్టేప్లర్‌కు వందల డాలర్లు. జట్టుతో వచ్చినవి అయిపోయాక మళ్లీ సూదీ దారమే గతి. తమాషా ఏంటంటే, పేగు చేత్తో కుట్టడంలో, పొట్ట తెరిచి చేసే ఆపరేషన్లలో స్థానిక డాక్టర్లే చేయి తిరిగినవాళ్లయి ఉంటారు. ధనిక దేశాల్లో చాలావరకు కెమెరా పెట్టి చిన్న రంధ్రాల నుంచే చేస్తున్నారు కాబట్టి అక్కడి కుర్ర సర్జన్లకు పాత పద్ధతి అంతగా అలవాటు ఉండడం లేదు. గురువెవరో శిష్యుడెవరో ఒక్కోసారి టేబుల్ దగ్గరే తారుమారవుతుంది.

పద్ధతి చోటుకు అతికితే ఏమవుతుందో నేపాల్ చూపించింది. ఆస్ట్రేలియా కంటి డాక్టర్ ఫ్రెడ్ హాలోస్ దగ్గర నేపాలీ డాక్టర్ సందుక్ రూయిత్ పనిచేశాడు. శుక్లం తీసి లెన్స్ పెట్టే ఆపరేషన్‌కు అప్పట్లో ఒక్కో లెన్స్ వంద డాలర్లకు పైనే. అంత ఖరీదైన వస్తువుతో నేర్చుకున్న విద్య ఇంటికి తెచ్చుకున్నా వాడలేరు. అందుకే విద్యతో పాటు లెన్స్ ఫ్యాక్టరీ కూడా పెట్టుకున్నారు. 1994లో కాఠ్మాండూలో తిల్‌గంగా కంటి ఆసుపత్రి మొదలైంది, అక్కడే కొద్ది డాలర్లకు లెన్స్ తయారైంది. రూయిత్ కుట్లు అక్కర్లేని చిన్న కోత పద్ధతిని మెరుగు పెట్టాడు. 2007లో దాన్ని ఖరీదైన మెషీన్ పద్ధతితో పోల్చి చూశారు. చూపు రెండింటిలోనూ బాగానే వచ్చింది. సమయం మాత్రం మెషీన్‌కు సగటున పదిహేనున్నర నిమిషాలు, చేతి పద్ధతికి తొమ్మిది. ఇప్పుడు వేరే దేశాల డాక్టర్లు నేర్చుకోవడానికి తిల్‌గంగాకు వస్తున్నారు.

ఉగాండాలోని ఎంబాలేలో జరిగింది ఇంకా ఆసక్తికరం. తలలో నీరు చేరిన పసిపిల్లలకు మెదడు నుంచి పొట్టలోకి గొట్టం వేయడం ప్రపంచమంతా చేసే వైద్యం. ఆ గొట్టం ఎప్పుడో ఒకప్పుడు మూసుకుపోతుంది. న్యూరోసర్జన్ అరగంట దూరంలో ఉంటే మార్చేస్తారు. పల్లెలో ఉన్న బిడ్డకు అదే ప్రాణాంతకం. 2000లో అక్కడికి కుటుంబంతో సహా కాపురానికి వెళ్లిన అమెరికా సర్జన్ బెంజమిన్ వార్ఫ్ కొన్నాళ్లకే ఇది గ్రహించాడు. ఎండోస్కోప్ అనే సన్నని కెమెరా పరికరంతో మెదడు లోపలే నీటికి కొత్త దారి తెరిచి, నీరు ఊరే కణజాలాన్ని కొంత కాల్చే పద్ధతిని అక్కడ రూపొందించాడు. గొట్టం అక్కర్లేదు. అక్కడి డాక్టర్ జాన్ ముగాంబాకు నేర్పి 2006లో వెళ్లిపోయాడు. ఆసుపత్రి ఆగలేదు. ముగాంబా ఇతర దేశాల సర్జన్లకు ఆ పద్ధతి నేర్పాడు. వార్ఫ్ దాన్నే బోస్టన్‌కు తీసుకెళ్లాడు. రెండు వారాల పర్యటనలో ఇది జరిగేదే కాదు. గొట్టం మూసుకుపోయిన పిల్లలు తిరిగి రావడం, కొందరు రాకపోవడం చూడాలంటే అక్కడే ఉండాలి.

ఇప్పుడు ఇబ్బందికరమైన ప్రశ్న. నేర్పాల్సింది డాక్టర్లకేనా? మొజాంబిక్‌లో యుద్ధం రోజుల్లో డాక్టర్లు దొరక్క 1984 నుంచి డాక్టర్లు కాని వైద్య సిబ్బందికి సర్జరీ నేర్పడం మొదలుపెట్టారు. 2007లో వెలువడిన పరిశీలన ప్రకారం, జిల్లా ఆసుపత్రులకు వెళ్లిన ఈ సిబ్బందిలో ఏడేళ్ల తర్వాత కూడా 88 శాతం మంది అక్కడే ఉన్నారు. అలాగే వెళ్లిన డాక్టర్లలో ఒక్కరూ మిగల్లేదు. సియెర్రా లియోన్‌లో హెర్నియాకు మెష్ (వలలాంటి గుడ్డ) పెట్టే ఆపరేషన్‌లో ఇలాంటి సిబ్బందినీ డాక్టర్లనూ పోల్చారు. ఏడాది తర్వాత మళ్లీ హెర్నియా వచ్చింది డాక్టర్లు చేసినవాళ్లలో ఏడుగురికి, సిబ్బంది చేసినవాళ్లలో ఒక్కరికి. చిన్న అధ్యయనమే, చేసినవాళ్లు పదిమంది చిల్లర, కాబట్టి దీన్నుంచి డాక్టర్లకన్నా వాళ్లే మేలని తీర్మానించకూడదు. పది రకాల ఆపరేషన్లు చేసే చేతికన్నా ఒకే ఆపరేషన్ మళ్లీ మళ్లీ చేసే చేయి ముందు తిరుగుతుందని మాత్రం అనుకోవచ్చు.

ఈ విషయంలో నేను ఎప్పుడూ తలుచుకునే మనిషి మమీతు గాషె. ఇథియోపియా పల్లెపిల్ల, బడికి వెళ్లలేదు. 1960ల మొదట్లో కాన్పు రోజుల తరబడి కష్టమై బిడ్డ దక్కలేదు, ఫిస్టులా మిగిలింది, అంటే మూత్రసంచికీ జననమార్గానికీ మధ్య పడే రంధ్రం. మూత్రం ఆపుకోలేని స్థితిలో అడిస్ అబాబా చేరింది. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన కాథరిన్ హామ్లిన్, న్యూజిలాండ్‌కు చెందిన ఆమె భర్త రెజినాల్డ్ మమీతుకు ఆపరేషన్ చేశారు. కోలుకుంటూ వార్డులో పక్కలు సర్దడం మొదలుపెట్టింది. తర్వాత థియేటర్‌లో పరికరాలు అందించింది, తర్వాత అసిస్టెంటయింది, ఆ తర్వాత కత్తి పట్టింది. కొన్నేళ్లకు విదేశాల నుంచి నేర్చుకోవడానికి వచ్చిన సర్జన్లకు ఆమే నేర్పేది. 1989లో లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ హామ్లిన్ దంపతులతో పాటు ఆమెనూ బంగారు పతకంతో గౌరవించింది. హామ్లిన్‌లు ఆ దేశానికి 1959లో వెళ్లారు. ఒప్పందం మూడేళ్లకు. కాథరిన్ 2020లో అక్కడే కన్నుమూసింది. అందరూ అలా ఉండిపోవాలని ఎవరూ అడగలేరు. కానీ పక్కలు సర్దే అమ్మాయిలో సర్జన్ ఉన్నట్టు కనిపెట్టడం వారం రోజుల పర్యటనలో అయ్యే పని కాదు.

నేర్చుకున్నవాళ్లు వెళ్లిపోతే? ఈ భయం నిజమే. ఘనా ఒకప్పుడు గైనకాలజీ నేర్చుకోవడానికి తన డాక్టర్లను బ్రిటన్‌కు పంపేది. తిరిగొచ్చినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. 1989లో బయటి కాలేజీల సాయంతో శిక్షణను దేశంలోనే మొదలుపెట్టారు. అక్కడ తయారైన స్పెషలిస్టులు దాదాపు అందరూ దేశంలోనే ఉండిపోయారు. 1999లో పుట్టిన తూర్పు, మధ్య, దక్షిణ ఆఫ్రికా సర్జన్ల కాలేజీ ఇంకో అడుగు వేసింది. దానికి గోడలు లేవు. శిష్యుడు తన ఆసుపత్రిలోనే పనిచేస్తూ నేర్చుకుంటాడు, పరీక్షలకు బయటి దేశాల సర్జన్లు కూడా ఎగ్జామినర్లుగా వస్తారు. అక్కడ తయారైనవాళ్లలో సుమారు 85 శాతం మంది శిక్షణ పొందిన దేశంలోనే పనిచేస్తున్నట్టు తేలింది. రువాండా 2012లో డబ్బు, ఒప్పందాలు తన ప్రభుత్వం చేతిలో పెట్టుకుని అమెరికా అధ్యాపకులను పిలిపించి, ఒక్కొక్కరిని ఒక్కో స్థానిక అధ్యాపకుడికి జత చేసింది. ఎవరు రావాలో, ఏం నేర్పాలో నిర్ణయించింది ఆతిథ్య దేశం. మామూలుగా ఇది తిరగబడి ఉంటుంది.

చెడు జరగడానికీ దారులున్నాయి. ఉచిత జట్టు వస్తుందని తెలిసి జనం నెలల తరబడి ఆపరేషన్ వాయిదా వేసుకుంటారు, ఈలోగా జబ్బు ముదురుతుంది, ఊళ్లోని సర్జన్‌కు ఆదాయమూ పరువూ పోతాయి. 2010 హైతీ భూకంపం తర్వాత ఎవరికీ చెప్పకుండా దిగిన జట్లు రికార్డులు కూడా లేకుండా కాళ్లూ చేతులూ తీసేసిన సందర్భాలున్నాయి. ఆ అనుభవంతోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో విదేశీ వైద్య బృందాలకు కనీస ప్రమాణాలు పెట్టింది. అవి విపత్తులకు ఉద్దేశించినవి. మామూలు రోజుల్లో వచ్చే జట్లకు అంత గట్టి అజమాయిషీ చాలాచోట్ల ఇప్పటికీ లేదు.

కాబట్టి ఎవరైనా చందా అడిగినా, జట్టులో చేరమని పిలిచినా, నేనైతే ఫొటోలు పక్కన పెట్టి ఆసుపత్రి ఆపరేషన్ రిజిస్టర్ గురించి అడుగుతాను. ప్రతి కేసుకూ అందులో ఒక వరుస ఉంటుంది: తేదీ, పేషెంటు, ఆపరేషన్, చేసినవారు, మత్తు ఇచ్చినవారు. జట్టు ఉన్న వారం నిండుగా ఉంటుంది, అది ఎలాగూ ఉంటుంది. జట్టు వెళ్లిన తర్వాతి మూడు నెలల పేజీలు తిప్పాలి. జట్టు నేర్పిన ఆ ఆపరేషన్ మళ్లీ కనిపించిందా? 'చేసినవారు' గడిలో ఎవరి పేరుంది? అనుభవమున్న జట్లు పెద్ద కేసులు మొదటి రెండు రోజుల్లోనే చేసి, చివరి రోజు చిన్నవాటితో సరిపెడతాయి. చీము పట్టడం, కుట్లు విడిపోవడం ఐదారు రోజులకు గానీ బయటపడవు కాబట్టి. అలా బయటపడ్డ రాత్రి నర్సు ఫోన్ చేయాల్సిన నంబరు వార్డు గోడ మీద రాసి ఉందా, ఉంటే అది ఏ దేశపు నంబరు?